యూరోపియన్ ఇంటిగ్రేషన్‌లో పీజీ, ఇండియన్ పాస్‌పోర్టుతో ఉద్యోగం ఎక్కడ? చదివినవాళ్ళు చెప్పండి

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర పల్లె. వైజాగ్‌లో పొలిటికల్ సైన్స్ ఎంఏ ఆఖరి సెమిస్టర్ నడుస్తోంది. బెల్జియంలో కేయూ లూవెన్‌లో యూరోపియన్ స్టడీస్ మాస్టర్స్‌కి సీటు వచ్చింది, ఏడాది కోర్సు. సీటు వచ్చిన రోజంతా సంతోషం, మర్నాటి నుంచి టెన్షన్.

ఈ సబ్జెక్టు మీద మనసు ఎందుకు పడిందో కూడా చెప్తాను. డిగ్రీలో ఉండగా మా లెక్చరర్ 1950 మే 9న రాబర్ట్ షూమన్ చేసిన ప్రకటన గురించి పాఠం చెప్పారు. 1870, 1914, 1939... ఇన్నిసార్లు ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగిన ఫ్రాన్స్, జర్మనీ, యుద్ధం ముగిసి అయిదేళ్ళకే బొగ్గూ ఉక్కూ రెండింటినీ ఒకే ఉమ్మడి అధికారం కింద పెడదామని కూర్చున్నాయి. తుపాకీ తయారయ్యేది ఆ రెండింటితోనే కదా, వాటి లెక్కలు పక్కవాడికి తెలిసేలా పెట్టుకుంటే దొంగచాటుగా యుద్ధానికి సిద్ధపడటం కుదరదు. అంత పెద్ద పగని అంత చిన్న పనితో, అంటే ఇద్దరి ఖాతా పుస్తకాలు కలిపి, ఆపొచ్చా అని ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు. అప్పటినుంచి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

ఇప్పుడు సమస్య. ఫీజు, ఖర్చులు, విమానం అన్నీ కలిపి మేం వేసుకున్న లెక్క 20 లక్షలు దాటుతోంది. నాన్నకి కిరాణా కొట్టు. బ్యాంకు వాళ్ళు హామీ అడుగుతున్నారు, అమ్మ పేరు మీద అర ఎకరం ఉంది, అది పెట్టాలి. విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే "కోర్సు అవ్వగానే యూరోపియన్ యూనియన్‌లో ఆఫీసర్ ఉద్యోగం, బ్రసెల్స్‌లోనే సెటిల్" అన్నారు. నాన్న ఆ మాట నమ్మి పొలం కాగితాలు బయటికి తీశారు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. నిజంగా ఈ చదువు చదివినవాళ్ళు ఏం చేస్తున్నారు? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బ్రసెల్స్_వాన

చెల్లీ, ముందు నాన్నగారిని ఆ కాగితాలు మళ్ళీ బీరువాలో పెట్టమను. తర్వాత ఇది చదువు.

నేను 2018 నుంచి బ్రసెల్స్‌లో ఉంటున్నాను, ఈ చదువే చదివాను. ఆ కన్సల్టెన్సీ చెప్పింది అబద్ధం. చట్టాలు ప్రతిపాదించే కమిషన్, ప్రజలు ఎన్నుకునే పార్లమెంటు, సభ్యదేశాల ప్రభుత్వాలు కూర్చునే కౌన్సిల్... యూనియన్‌లోని ఈ సంస్థల్లో పర్మనెంట్ అధికారి కావాలంటే ఎప్సో అనే నియామక సంస్థ పెట్టే పోటీ పరీక్ష రాయాలి, ఆ పరీక్ష రాయడానికే యూనియన్‌లోని 27 దేశాల్లో ఏదో ఒకదాని పౌరసత్వం ఉండాలి. మన సివిల్స్‌కి మన పౌరసత్వం అడిగినట్టే. నువ్వు క్లాసులో ఫస్ట్ వచ్చినా, ఫ్రెంచి గడగడా మాట్లాడినా ఆ తలుపు తెరుచుకోదు. నా క్లాసులో ఇటలీ అమ్మాయి, రొమేనియా అబ్బాయి అదే పరీక్షకి ప్రిపేర్ అవుతుంటే నేను పక్కన కూర్చుని వాళ్ళకి ప్రశ్నలు అడిగేదాన్ని. ఆ సంగతి కోర్సులో చేరకముందు నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకింత గట్టిగా చెప్తున్నాను.

మనకి ఉన్న చిన్న కిటికీ బ్లూ బుక్ ట్రెయినీషిప్. కమిషన్‌లో అయిదు నెలలు, ఏటా మార్చి 1న ఒక బ్యాచ్, అక్టోబరు 1న ఒక బ్యాచ్. నెలనెలా గ్రాంటు ఇస్తారు. బయటి దేశాల వాళ్ళని కూడా తీసుకుంటారు గానీ కొద్దిమందినే. వస్తే అదృష్టం, దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చేయకూడదు.

మరి నేనేం చేస్తున్నాను? సంస్థల బయట ఇంకో ప్రపంచం ఉంది. యూనియన్ పెట్టిన ట్రాన్స్‌పరెన్సీ రిజిస్టర్‌లోనే 12 వేలకు పైగా సంస్థలు పేరు నమోదు చేసుకున్నాయి: కంపెనీల సంఘాలు, ఎన్జీవోలు, రైతు సంఘాలు, కన్సల్టెన్సీలు, లా ఫర్మ్‌లు. బ్రసెల్స్‌లో తయారయ్యే ప్రతి చట్టం తమ మీద ఎలా పడుతుందో చూసుకోవడం, దాన్ని మార్పించుకోవడం వీళ్ళ పని. నేను అలాంటి ఒక పరిశ్రమల సంఘంలో పాలసీ ఆఫీసర్‌ని.

పని ఎలా ఉంటుందంటే, ఒక చట్టం మీద కమిషన్, పార్లమెంటు, కౌన్సిల్ మూడూ కూర్చుని బేరాలాడతాయి, దాన్ని ట్రైలాగ్ అంటారు. అప్పుడు ఒక కాగితం తిరుగుతుంది, అడ్డంగా నాలుగు నిలువు వరసలు. మొదటి వరసలో కమిషన్ రాసింది, రెండో వరసలో పార్లమెంటు మార్చింది, మూడో వరసలో కౌన్సిల్ కోరింది, నాలుగోది ఖాళీ. ఆ ఖాళీ వరస నిండడమే చట్టం పుట్టడం. ఒకసారి రాత్రి పదకొండింటికి మా బాసు, నేను ఆ నాలుగో వరసలో పడ్డ ఒకే ఒక్క పదం చూసి, "చేయాలి" అని ఉండాల్సిన చోట "చేయవచ్చు" అని ఉండటం చూసి, ఎనిమిది దేశాల్లోని మా సభ్యులకి ఆ రాత్రే మెయిళ్ళు పంపాం. వందల పేజీల్లో ఆ ఒక్క పదం దొరకాలంటే కోర్సులో నేర్చుకున్న విద్య కావాలి. ఈ డిగ్రీ నిజంగా నేర్పేది అదే.

కష్టం కూడా చెప్పాలి. చదువు అయ్యాక బెల్జియంలో ఉద్యోగం వెతుక్కోవడానికి 12 నెలల గడువు ఇస్తారు. నేను 140 అప్లికేషన్లు పెట్టాను, ఆరు ఇంటర్వ్యూలు వచ్చాయి, నాలుగు చోట్ల "వర్క్ పర్మిట్ మేం చేయించలేం" అన్నారు. గడువు ఇక ఏడు వారాలు ఉందనగా ఉద్యోగం దొరికింది. ఆ పది నెలలు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మతో "బాగానే ఉన్నానమ్మా" అని అబద్ధం చెప్పాను.

డాలస్_మావయ్య

అమ్మా, పెద్దవాణ్ణి కాబట్టి చనువుగా చెప్తున్నా, ఏమీ అనుకోకు. చదువు గొప్పదే, కాదనను. కానీ ఇంట్లో కిరాణా కొట్టు ఆదాయం, ఉన్నది అర ఎకరం. అది పెట్టి ఏడాది కోర్సుకి వెళ్ళడమంటే ఒకే ఒక్క ఏడాదిలో చదవాలి, భాష నేర్చుకోవాలి, ఉద్యోగం వెతకాలి. మా అన్నగారి అబ్బాయి లండన్‌లో ఏడాది మాస్టర్స్ చేసి (సబ్జెక్టు వేరనుకో) ఉద్యోగం రాక తిరిగొచ్చాడు, నాలుగేళ్ళుగా ఈఎంఐ కడుతూనే ఉన్నాం. ఏడాది కోర్సు అంటే తక్కువ ఖర్చని అందరూ అనుకుంటారు, కానీ నిలదొక్కుకోవడానికి దొరికే టైం కూడా తక్కువే. స్కాలర్‌షిప్ ఉంటే వెళ్ళు, లేకపోతే ఆగు. నా మాట అంతే.

భీమవరం_చెరువుగట్టు

ఈ చర్చ మా తమ్ముడు పంపిస్తే చదివాను. నాకు మీ చదువుల గురించి తెలీదు, నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ మేనేజర్‌ని. కానీ ఇక్కడ చెప్పాల్సిన మాట ఒకటుంది.

బ్రసెల్స్‌లో ఎవరో పెన్నుతో గీత గీస్తే మా చెరువు మీద పడుతుంది. 2016లో మన దేశం నుంచి వెళ్ళే పెంపకం రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో శాంపిల్ తీసి పరీక్ష చేసే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. అంటే పది కంటైనర్లు పంపితే అయిదింటిని వాళ్ళ పోర్టులో ఆపి యాంటీబయాటిక్ అవశేషాలకి చెక్ చేస్తారు. ఆపినన్ని రోజులు కోల్డ్ స్టోరేజీ అద్దె, కొనేవాడి ఫోన్లు, బ్యాంకు వడ్డీ. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందుల ఆనవాలు కనిపిస్తే చాలు, ఆహార భద్రత హెచ్చరికల నెట్‌వర్క్‌లో ఎక్కుతుంది, అన్ని దేశాల వాళ్ళూ చూస్తారు. అందుకే యూరప్‌కి వెళ్ళే సరుకు అయితే పట్టుబడికి (అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి) ముందే శాంపిల్ తీసి ల్యాబుకి పంపాలి, ఆ సర్టిఫికెట్ లేకుండా మేం సరుకు ముట్టుకోం. రైతు ధర బాగుందని ఈ రాత్రే పట్టేద్దాం అంటాడు, మేం రిపోర్టు రావాలి అంటాం, ఆ మూడు రోజుల్లో ధర పడిపోతే మా మీద కోపం.

నా బాధ ఏంటంటే, ఆ రూలు ఎందుకు వచ్చింది, ఎవరు మార్చగలరు, ఎవరికి ఏ కాగితం పెట్టుకోవాలి అని చెప్పేవాడు మా దగ్గర ఒక్కడూ లేడు. మేం పదేళ్ళుగా రూలు పాటించడమే గానీ, రూలు చదవడం మాకు రాదు. ఒకసారి కొత్త ఫార్మాట్ సర్టిఫికెట్ వచ్చినప్పుడు చెన్నై నుంచి ఒక కన్సల్టెంట్‌ని పిలిపించాం, ఒక్క పూటకి అతను తీసుకున్న ఫీజు మా సూపర్‌వైజర్ రెండు నెలల జీతం. ఆ చదువు చదివిన మన పిల్ల ఒకరు భీమవరంలోనో కాకినాడలోనో కూర్చుంటే పదిమంది ఎక్స్‌పోర్టర్లు జీతం పంచుకుని ఇస్తారు. ఇది ఉత్తమాట కాదు, మా సంఘం మీటింగులో రెండుసార్లు వచ్చిన మాట.

గోదారి_గట్టు

బ్రసెల్స్ అక్కా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ అమ్మాయి అబద్ధం ఆడాల్సిన పనేముంది" అన్నారు. కాగితాలు లోపల పెట్టేశారు.

భీమవరం గారూ, మా మేనమామకి యండగండి దగ్గర రెండు చెరువులు ఉన్నాయి. చిన్నప్పటినుంచి చూస్తున్నాను, కానీ ఆ చెరువుకీ నేను చదివే పుస్తకానికీ సంబంధం ఉందని ఈ రోజు దాకా తట్టనేలేదు. ఇంకెక్కడెక్కడ ఇలాంటివి ఉన్నాయి? ఎవరైనా చెప్తారా?

హైటెక్_సిటీ

నేను చెప్తాను. హైదరాబాద్‌లో డేటా ప్రైవసీ టీంలో చేస్తున్నాను. 2018 మే 25న జీడీపీఆర్, అంటే యూరప్ డేటా రక్షణ చట్టం, అమల్లోకి రావడమే నా కెరీర్‌కి పుట్టినరోజు. జర్మనీలో ఉండే కస్టమర్ పేరు, అడ్రసు గచ్చిబౌలిలో కూర్చున్న మనవాడి స్క్రీన్ మీద కనపడిందంటే ఆ డేటా యూరప్ దాటి వచ్చినట్టే లెక్క. అందుకు స్టాండర్డ్ కాంట్రాక్టు క్లాజులు (డేటా కాపాడతామనే నమూనా షరతులు) రాసుకోవాలి. 2020 జులైలో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టు అమెరికాతో ఉన్న డేటా ఏర్పాటుని కొట్టేసింది (ష్రెమ్స్ రెండో తీర్పు అంటారు), ఆ దెబ్బకి ఇండియాకి వచ్చే డేటాకి కూడా "మీ దేశంలో ప్రభుత్వం ఈ డేటా చూడగలదా, చూస్తే అడ్డుకునే దారి ఉందా" అని ఒక్కో కాంట్రాక్టుకి అంచనా రాయాల్సి వచ్చింది. ఆరు నెలలు అదే పని చేశాం. జరిమానా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా ఉంటుంది కాబట్టి పెద్ద కంపెనీలు దీనికి డబ్బు పెట్టడానికి వెనకాడవు.

ఫార్మాలోనూ ఇంతే. మా కజిన్ బల్క్ డ్రగ్ కంపెనీలో రెగ్యులేటరీ అఫైర్స్. 2013 జులై నుంచి యూరప్‌కి ముడి మందు పంపాలంటే మన దేశపు నియంత్రణ సంస్థ నుంచి "వీళ్ళ తయారీ మీ ప్రమాణాలకి సమానం" అని రాతపూర్వక ధ్రువీకరణ వెళ్ళాలి. ఉక్కు, అల్యూమినియం ఎగుమతి చేసేవాళ్ళకి ఇప్పుడు సీబామ్, అంటే కార్బన్ సుంకం. 2023 అక్టోబరు నుంచి లెక్కలు చెప్పమన్నారు, 2026 నుంచి వెళ్ళే సరుకుకి డబ్బు కట్టాలి. టన్ను ఉక్కుకి ఎంత కార్బన్ పడిందో ఫ్యాక్టరీ లెక్క కట్టి ఇవ్వాలి.

కానీ ఒక మాట సూటిగా చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఈ ఉద్యోగాలకి ఎంఏ యూరోపియన్ స్టడీస్ అని రెజ్యూమే వస్తే మా మేనేజర్ పక్కన పెడతాడు. లా చదివినవాళ్ళని తీసుకుంటాడు, లేదా ఇంజినీరింగ్ చేసి సర్టిఫికేషన్ రాసినవాళ్ళని. ఇంటిగ్రేషన్ సిద్ధాంతాలు (దేశాలు ఎందుకు కలుస్తాయనే వాదనలు), హాస్ ఏమన్నాడు, మొరావ్‌చిక్ ఏమన్నాడు... ఇవి చదివి క్లాజు రాయలేరు కదా. ఖర్చు పెట్టేదే అయితే యూరోపియన్ లా ఎల్ఎల్ఎం చేయాలి, కానీ దానికి ముందు లా డిగ్రీ ఉండాలి. మన చెల్లికి అది లేదు.

ఢిల్లీ_మెట్రో

హైటెక్ గారూ, సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను.

నేను జేఎన్‌యూలో సెంటర్ ఫర్ యూరోపియన్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది ఖమ్మం. సిద్ధాంతం చదివి క్లాజు రాయలేరు అన్నారు, నిజమే. కానీ మీ క్లాజు రేపు ఎటు మారుతుందో చెప్పేది సిద్ధాంతమే. ఎర్నెస్ట్ హాస్ 1958లో చెప్పిందేంటి? ఒక రంగంలో కలిశాక దాన్ని ఆనుకుని ఉన్న రంగం కూడా లాక్కొస్తుందని. మొరావ్‌చిక్ 1998లో దానికి ఎదురు తిరిగి, అదేం కాదు, పెద్ద దేశాల ఆర్థిక ప్రయోజనాలు కలిసినప్పుడే అడుగు పడుతుంది అన్నాడు. ఈ ఇద్దరి గొడవ బుర్రకెక్కితే, ఫలానా చట్టం ఆగుతుందా ముందుకెళ్తుందా అన్నది ఫ్రాన్స్, జర్మనీల మాటల్లోంచే పసిగట్టొచ్చు. కంపెనీలు రెండేళ్ళ ముందే తెలుసుకోవాలనుకునేది ఆ సంగతేగా.

లా లేకపోయినా కేసులు చదవచ్చు, చదవాలి కూడా. 1963 ఫిబ్రవరి నాటి వాన్ గెండ్ ఎన్ లోస్ తీర్పు తీసుకోండి. కథ చూస్తే చాలా చిన్నది. నెదర్లాండ్స్‌లో ఒక రవాణా కంపెనీ జర్మనీ నుంచి యూరియా ఫార్మాల్డిహైడ్ తెప్పించింది, జిగురుల్లో వాడతారు. సుంకం 3 శాతం ఉండాల్సింది 8 శాతం వేశారు. వాళ్ళు యూరప్ దేశాల ఒప్పందంలో సుంకాలు పెంచకూడదని రాసుందిగా అని కోర్టుకెళ్ళారు. ప్రభుత్వం ఏమందంటే, అది దేశాలు దేశాలు రాసుకున్న కాగితం, నీకేం సంబంధం అంది. లక్సెంబర్గ్ కోర్టు మాత్రం అది మామూలు అంతర్జాతీయ ఒప్పందం కాదు, పౌరులకి కూడా హక్కులు ఇస్తుంది, తమ దేశపు కోర్టులోనే అడగొచ్చు అంది. ఒక్క జిగురు కేసుతో మామూలు మనిషి తన ప్రభుత్వాన్నే నిలదీసే దారి పడింది. నేను మొదటిసారి ఆ తీర్పు చదివినప్పుడు హాస్టల్ మెస్సులో అన్నం చల్లారిపోయింది, లేవలేదు.

ఇంకోటి, చెల్లికి ప్రత్యేకంగా. మనం వట్టి చేతులతో వెళ్ళం. మన దగ్గర జీఎస్టీ కౌన్సిల్ ఉంది. కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. కాబట్టి కేంద్రం కాదంటే ఏదీ జరగదు. యూరోపియన్ యూనియన్ కౌన్సిల్‌లో 27లో 15 దేశాలు, జనాభాలో 65 శాతం కలిస్తే చట్టం పాస్. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆపే వీల్లేదు, కనీసం నాలుగు కలవాలి. పన్నుల విషయంలో మాత్రం అక్కడ ఏకగ్రీవం కావాలి, ఇక్కడ మనం పన్నుల్లోనే ఓటింగు పెట్టుకున్నాం! 2022లో మన సుప్రీంకోర్టు జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సులు కట్టుబడి తీరాల్సినవి కావు అంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి రాస్తే అది మంచి థీసిస్, అక్కడి ప్రొఫెసర్లకి కూడా కొత్తగా ఉంటుంది. రాష్ట్రం విడిపోవడం, కేంద్రం నిధుల గొడవ, నదుల వాటా ఇవన్నీ కళ్ళారా చూసిన తెలుగు పిల్లలకి అధికారం పంచుకోవడం అంటే ఏంటో పుస్తకం తెరవకముందే తెలుసు. సిగ్గుపడకుండా ఆ అనుభవాన్ని వాడుకోవాలి.

ఉద్యోగాల విషయం. ఢిల్లీలో ఈ చదువుకి చోటుంది, ఎక్కువ కాదు గానీ ఉంది. యూరోపియన్ యూనియన్ డెలిగేషన్‌లో స్థానిక సిబ్బందిగా భారతీయుల్ని తీసుకుంటారు: వాణిజ్యం, పర్యావరణం, ప్రెస్ విభాగాల్లో. కోన్రాడ్ అడెనావర్, ఫ్రెడ్రిక్ ఎబర్ట్ లాంటి జర్మన్ ఫౌండేషన్ల ఆఫీసులు, సభ్యదేశాల ఎంబసీలు, థింక్ ట్యాంకులు, ఐఐఎఫ్‌టీలో డబ్ల్యూటీవో స్టడీస్ సెంటర్. ఇండియా, యూరప్ స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2007లో మొదలై 2013లో ఆగిపోయి 2022లో మళ్ళీ మొదలయ్యాయి కదా, అప్పటినుంచి ఈ సబ్జెక్టు తెలిసినవాళ్ళని వెతుక్కోవడం పెరిగింది. మా సీనియర్లు ఇద్దరు అలాగే కుదురుకున్నారు. నెట్ రాసి అధ్యాపకురాలు అవ్వచ్చు, అదీ దారే.

హైటెక్_సిటీ

ఢిల్లీ గారూ, జిగురు కేసు నాకు తెలీదు, బాగుంది. కానీ మీ సీనియర్లు ఇద్దరు అంటున్నారు, నేను మాట్లాడేది ఇరవై లక్షల అప్పు చేయాల్సి వచ్చే అమ్మాయి గురించి. ఇద్దరిని చూసి అప్పు చేయలేం.

ఢిల్లీ_మెట్రో

అప్పు చేసి వెళ్ళమని నేను అనలేదు. ఆ ఒక్క విషయంలో మీ మాటే, మావయ్యగారి మాటే నాదీ.

రైన్_ఒడ్డున

బాన్ నుంచి రాస్తున్నాను, ఊరు కరీంనగర్. ఇక్కడ అందరూ లూవెన్ వెళ్ళాలా వద్దా అనే మాట్లాడుతున్నారు. వేరే దారులు కూడా ఉన్నాయి, అవి కూడా చూడు చెల్లె.

ఒకటి, ఎరాస్మస్ ముండస్. రెండేళ్ళ ఉమ్మడి మాస్టర్స్, రెండు మూడు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. మన సబ్జెక్టుకి దగ్గరవి: యూరోకల్చర్ (గ్రోనింగెన్, గోటింగెన్, ఉప్సాలా, క్రాకోవ్ లాంటి ఊళ్ళు), ఇంకోటి యూరోపియన్ పాలిటిక్స్ అండ్ సొసైటీ (ప్రాగ్, క్రాకోవ్, లైడెన్, బార్సిలోనా). అప్లికేషన్లు మామూలుగా అక్టోబరు నుంచి జనవరి మధ్యలో. ఏ ఏడాది ఏ కోర్సుకి స్కాలర్‌షిప్ డబ్బు ఉందో వాళ్ళ సైటులో చూసుకోవాలి, ప్రతిసారీ ఉండదు. నాకు మొదటిసారి రాలేదు, రిజర్వ్ లిస్టులో పెట్టారు. రెండోసారి మోటివేషన్ లెటర్ మొత్తం మార్చి రాశాను. మొదటి దాంట్లో "చిన్నప్పటినుంచి యూరప్ అంటే ఇష్టం" అని రాసినా. రెండో దాంట్లో మా నాయన ఎస్సారెస్పీ కాలువ నీళ్ళ కోసం పక్క ఊరి వాళ్ళతో పంచాయితీలో కూర్చున్నది రాసి, నదిని పంచుకునే దేశాలు ఎట్లా ఒప్పందం చేసుకుంటాయో చదవాలని ఉంది అని రాసినా. వచ్చింది.

రెండు, జర్మనీ. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొద్దిగా కడితే చాలు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. కొన్ని ప్రత్యేక మాస్టర్స్‌కి కూడా ఫీజు ఉంటుంది, చూసుకో. కానీ బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీలు అసలైనవని జర్మన్ వాళ్ళు ఇచ్చే ధ్రువీకరణ) కావాలి, దానికి టైం పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టాలి. చదువు అయ్యాక ఉద్యోగం వెతకడానికి 18 నెలలు ఇస్తారు, బెల్జియం కన్నా ఆరు నెలలు ఎక్కువ, ఆ ఆరు నెలలే ప్రాణం నిలబెడతాయి.

మూడు, బ్రూజ్‌లోని కాలేజ్ ఆఫ్ యూరప్. 1949లో పెట్టింది, అందరూ గొప్పగా చెప్తారు, నిజంగానే గొప్పది. పోలండ్ రాజధాని వార్సాలోని నాటోలిన్‌లో ఇంకో క్యాంపస్, ఈమధ్య అల్బేనియాలోని టిరానాలో కూడా పెట్టారు. పది నెలలు అందరూ కలిసి తిని, కలిసి ఉండి చదువుతారు. ఆ స్నేహాలే తర్వాత ఉద్యోగాలు తెస్తాయి. అయితే అక్కడ ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి లేకపోతే కష్టం.

ఫ్రెంచి అన్నాను కాబట్టి చెప్తున్నా, కోర్సు పేరు కన్నా భాషే ముఖ్యం. లక్సెంబర్గ్ కోర్టులో న్యాయమూర్తులు లోపల చర్చించుకునేది ఫ్రెంచిలోనే. బ్రసెల్స్ ఉద్యోగ ప్రకటనల్లో ఇంగ్లీషు కాక ఇంకో భాష ఎంత తరచుగా అడుగుతారో చూడు. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, ఇఫ్లూ (భాషల యూనివర్సిటీ) ఉంది, జర్మన్ అయితే గోథే సెంట్రుమ్ ఉంది. వెళ్ళాక నేర్చుకుందాంలే అనుకుంటే అక్కడ చదువు, వంట, చలి... టైం దొరకదు. నేను అదే తప్పు చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

బ్రసెల్స్_వాన

రైన్ ఒడ్డున అన్న చెప్పింది అక్షరాలా నిజం. నాకు ఉద్యోగం ఇచ్చిన ఆరో ఇంటర్వ్యూలో నన్ను పది నిమిషాలు ఫ్రెంచిలో మాట్లాడించారు. తప్పులు దొర్లాయి, కానీ ఆగలేదు. తర్వాత మా బాసు చెప్పింది, అందుకే తీసుకున్నాం అని.

హైటెక్ గారి మాటకి కూడా జవాబు. ఎంఏ ఒక్కటే ఉంటే రెజ్యూమే పక్కన పెడతారు, అవును. ఇక్కడ కూడా అంతే. "యూరప్ తెలుసు" అంటే ఎవరూ తీసుకోరు. "యూరప్ ఆహార చట్టం తెలుసు, రొయ్య తెలుసు" అంటే తీసుకుంటారు. నాతో చదివిన వియత్నాం అమ్మాయి థీసిస్ చేపల వేట మీద రాసింది. అక్రమ వేట విషయంలో 2017లో యూనియన్ వియత్నాంకి పసుపు కార్డు చూపించింది, అంటే దిద్దుకోకపోతే దిగుమతి ఆపేస్తాం అని. ఆ అమ్మాయి కోర్సు అవ్వగానే హనోయి వెళ్ళిపోయింది, ఇప్పుడు మా అందరి కన్నా మంచి స్థానంలో ఉంది. మేం ఇక్కడే ఉండిపోవాలని పట్టుబట్టాం, తను వెనక్కి వెళ్ళే దారి మొదటి రోజే వేసుకుంది.

చెల్లీ, నీ ఇంటి పక్కనే చెరువు ఉంది. ఒక రంగం పట్టుకో.

గోదారి_గట్టు

రెండు రోజులు ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మ ఒక్క మాటే అంది, "పొలం పోయినా పర్లేదు, నువ్వు అక్కడ ఒక్కదానివి ఏడవకూడదు" అని. ఆ మాట విన్నాక నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

ఈ ఏడాది లూవెన్ వెళ్ళడం లేదు. చేతికొచ్చిన సీటు వదులుకోవడం కష్టంగానే ఉంది, రాత్రి కాసేపు ఏడ్చాను కూడా. అక్టోబరులో రెండు ఎరాస్మస్ ముండస్ కోర్సులకి, జర్మనీలో ఫీజు లేని చోట మూడింటికి పెడతాను. ఏపీఎస్ కాగితాలు ఈ వారమే మొదలుపెడుతున్నాను. ఫ్రెంచి ఆన్‌లైన్ క్లాసులో చేరాను, నిన్న మొదటి క్లాసు, ముక్కుతో పలకడం ఇంకా రావట్లేదు. ఎంఏ డిసర్టేషన్‌కి ఇంకా టాపిక్ ఖరారు కాలేదు కాబట్టి మా మేడంని అడిగాను, యూరప్ ఆహార భద్రత నిబంధనలు గోదావరి జిల్లాల రొయ్యల రైతుల మీద ఎలా పడుతున్నాయి అనేది తీసుకోనా అని. ఒప్పుకున్నారు. ఫీల్డు వర్క్ చేయాలన్నారు.

భీమవరం గారూ, మీ ప్లాంటుకి రావచ్చా? శాంపిల్ తీసే దగ్గరనుంచి కంటైనర్‌కి సీలు వేసేదాకా చూడాలి నాకు. మీ దగ్గర ఉన్న రూల్సు కాగితాలన్నీ చదివి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలుగులో రాసి ఇస్తాను.

భీమవరం_చెరువుగట్టు

తప్పకుండా రా అమ్మా. మా ఎండీ గారికి చెప్పాను, సంతోషించారు. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఒక చెరువులో పట్టుబడి ఉంది, ల్యాబు రిపోర్టు క్లీన్‌గా వచ్చింది. అక్కడినుంచే మొదలుపెడదాం. ముందు రోజు రాత్రికి మా ఇంటికి వచ్చేయ్, మా ఆవిడ ఉంటుంది, మీ నాన్నగారిని కూడా తీసుకురా. ప్లాంటు లోపల చలి బాగా ఉంటుంది, స్వెట్టర్ తెచ్చుకో. బూట్లు మేం ఇస్తాం, సైజు చెప్పు.

గోదారి_గట్టు

సైజు 5 అండీ. నాన్న కూడా వస్తానన్నారు.